వంగనక్కర్లేని పెట్టె

కొత్తగా వడ్రంగం నేర్చుకుంటున్న పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. నేను మేజిక్ పెట్టెలు చేసేవాణ్నని తెలియగానే అందరూ ఒకటే అడుగుతారు, పెట్టెలో మనిషి ఎట్లా మాయమవుతాడని. ఆ సంగతి నేను చెప్పను. నా భార్యకే చెప్పలేదు. ఆమె అడగడం మానేసి చాలాకాలమైంది, కాబట్టి మీరూ మానేయండి. మీకు పనికొచ్చే విషయం వేరే ఉంది. చేయి తిరిగిన పనివాళ్లందరూ కలిసి, ఒకరి మీద ఒకరికి ఉన్న మర్యాద కొద్దీ ఒక పెట్టెను ఎంత బ్రహ్మాండంగా చెడగొట్టగలరో చెబుతాను.

మా కార్ఖానా మొఘల్‌పురాలో ఒక సందు లోపల రేకుల షెడ్డులో ఉండేది. బయట బోర్డు లేదు. బోర్డు చూసి వచ్చేవాళ్లు మాకు అక్కర్లేదు. పావురాల పెట్టెలు, పాచికల డబ్బాలు, రుమాళ్ల గొట్టాలు చేసేవాళ్లం. అన్నిటికంటే పెద్ద పని మనిషి పట్టే పెట్టె. చూసేవాళ్లకు ఇందులో మనిషి పట్టడు అనిపించాలి, కానీ పట్టాలి. మా విద్య అంతా అదే.

నేనక్కడికి పని కోసం వెళ్లలేదు. జాగీర్దారైన మా తాతగారి దేవిడీని, అంటే ఆయన పాత బంగళాను, పడగొడుతున్నప్పుడు మిగిలిన టేకు తలుపులు అమ్మడానికి వెళ్లాను. ఒకప్పుడు ఆ దేవిడీ ముందు నుంచి పోయేవాళ్లు గుర్రం దిగి నడిచేవారట. నాకు ఊహ తెలిసేనాటికి దాని కమాను కింద సైకిల్ రిపేరు దుకాణం ఉండేది. ఇప్పుడు అక్కడ మొబైల్ రిపేరు చేస్తున్నారు. నాకు దాని గురించి విచారం లేదు. ఎవరైనా విచారించడానికి వస్తే మాత్రం నాకు నచ్చదు.

ఆ రోజు కార్ఖానా యజమాని నా తలుపులను వేలి కణుపుతో తట్టి చూశాడు. ఆయన్ని అందరూ ఉస్తాద్ అనేవారు. నేనూ తర్వాత అలాగే పిలిచాను.

"చెక్క మంచిగుంది. అమ్మెటాయన ముఖమే బాగలేదు," అన్నాడు.

"అమ్మేటప్పుడు నవ్వాలని రూలేమీ లేదు కదా," అన్నాను.

ఆయన పెద్దగా నవ్వి చాయ్ తెప్పించాడు. అన్ని తలుపులూ ఇచ్చాను గానీ ముందు గదికి ఉండిన ఎత్తైన జతను మాత్రం ఇవ్వలేకపోయాను. తీసుకుపోదామంటే పెట్టుకోవడానికి నాకు అంత ఎత్తు ఇల్లు లేదు. షెడ్డులో ఒక మూలకు ఆనించి ఉంచమన్నాను. వాటిని చూడడానికి అప్పుడప్పుడు వెళ్లేవాణ్ని. వెళ్లినవాణ్ని ఊరికే నిలబడలేక ఒకసారి రందా అందుకుని ఒక చెక్క నునుపు చేశాను. ఉస్తాద్ చూసి, "మల్ల రేపు ఎప్పుడొస్తరు?" అన్నాడు. అంతే, అదే నా ఉద్యోగం అయిపోయింది. మా బంధువులు కొంతమంది చాలాకాలం నాతో మాట్లాడలేదు. ఆ కాలమంతా నాకు చాలా ప్రశాంతంగా గడిచింది.

కార్ఖానాలో ఒక ఆచారం ఉండేది. మనిషి పట్టే పెట్టె ఏది చేసినా, చేసినవాడు తనే ముందు అందులో కూర్చోవాలి. ఉస్తాద్ మూత వేసి, తీరిగ్గా ఒక చాయ్ తాగి, అప్పుడు తీసేవాడు. లోపల నుంచి దగ్గు వినబడినా, కదిలిన చప్పుడైనా పెట్టె మళ్లీ విప్పాల్సిందే. ఈ పరీక్షలో నేను ఎప్పుడూ నెగ్గలేదు. నాకు నడుం వంగదు. చిన్నప్పుడు మా ఇంట్లో భోజనానికి కూర్చున్నా వీపు నిటారుగా ఉండాలి. అలా పెరిగిన వీపును పెట్టెలో మడవాలంటే ఎక్కడ మడవాలో దానికి తెలియదు.

"జాగీర్దార్ సాబ్, జర వంగుండ్రి. పెట్టె ఏం కరవదు," అనేవాడు ఉస్తాద్.

"అన్నకు ఒక్క పెట్టె సాలదు ఉస్తాద్. తలకొకటి, కాళ్లకొకటి కొట్టాలె," అనేవాడు పాలిష్ పని చేసే మా తోటివాడు. అతను సంతోష్‌నగర్ నుంచి వచ్చేవాడు. ఆదివారం చర్చిలో పాడేవాడు, మిగతా రోజులు మా మీద జోకులు వేసేవాడు. సన్నగా, గాలిపటం పుల్లలా ఉండేవాడు. చివరికి నా పెట్టెల్లో నా బదులు అతనే కూర్చునేవాడు.

ఇంకో పద్ధతి ఉంది. మేజిక్ వాళ్లలో పెట్టెలోకి వెళ్లేది ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్ల కొలత మేం తీసుకునేవాళ్లం కాదు. షెడ్డు వెనక ఉస్తాద్ ఇల్లు, మధ్యలో ఒక పరదా. వచ్చినామె పరదా దాటి లోపలికి వెళ్తే, ఉస్తాద్ భార్య నూలు దారం పట్టి కొలిచి, భుజాలకొక ముడి, కూర్చున్న ఎత్తుకొక ముడి, మోకాళ్లకొక ముడి వేసి బయటికి పంపేది. టేపు ఉంది కదా అని మీరంటారు. టేపు మీద అంకెలుంటాయి. అంకెలు గట్టిగా చదివితే బయట కూర్చున్న మగవాళ్లకు వినబడతాయి. ముడులు ఎవరికీ వినబడవు. అది ఆ ఇంటి మర్యాద, నాకు చాలా నచ్చేది. దారం బయటికి వచ్చాక దాన్ని చెక్క మీద పరచి కోయడమే మా పని. దారం మాటకు ఎదురు లేదు.

నేను రిటైరవడానికి కొంచెం ముందు, యాకుత్‌పురాలో ఉండే ఒక మెజీషియన్ భార్యను వెంటబెట్టుకుని కొత్త పెట్టె కావాలని వచ్చాడు. మాకు పాత ఖాతాదారు. పెళ్లయినప్పటి నుంచి ఆయన పెట్టెలో మాయమయ్యేది ఆయన భార్యే. ముడుచుకుని పెట్టెలోకి వెళ్లడం, కాసేపటికి ముడుచుకునే బయటికి రావడం, నవ్వడం, ఇదీ ఆమె పని. పాత పెట్టె వానకు ఉబ్బి మూత పట్టడం లేదన్నాడు. సంతోష్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో ఏదో పెద్ద స్కూలు వార్షికోత్సవం ఉంది, అప్పటికి కావాలన్నాడు. భార్య పరదా వెనక్కి వెళ్లాక గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు.

"పెట్టె ఉబ్బింది ఒక్కటే కాదు భాయ్. ఆమెకు గూడ ఇప్పుడు వంగుడు కష్టమైతుంది. నేను చెప్తే వినదు. ఈ పెట్టెల గిట్ట పట్టకపోతే, డాన్స్ నేర్చుకున్న పిల్ల ఒకామె ఉంది, ఆమెను పెట్టుకుంట. మాట్లాడి వెట్టిన."

"మేడమ్‌కు తెలుసా?" అన్నాడు ఉస్తాద్.

"తెలుసు. అందుకే కొలత ఇయ్యనీకి ఇంత తయారై వచ్చింది."

పరదా అవతల ఏం జరిగిందో మాకు తర్వాత తెలిసింది. ఆమె ఊపిరి బిగపట్టి నిలబడి, "ఆపా, జర బిగించి పట్టు," అన్నదట. ఉస్తాద్ భార్యకు ఆమె చాలా ఏళ్ల స్నేహితురాలు, అక్కా అన్నట్టు ఆపా అనే పిలిచేది. బిగించి పట్టింది. పట్టాక కూడా స్నేహితురాలి ముఖంలో దిగులు చూసి, ముడిని ఇంకొంచెం ఇవతలికి జరిపింది. దారం బయటికి వచ్చాక ఉస్తాద్ దాన్ని చూసి, తన భార్య ముడులు ఎప్పుడూ వదులుగా వేస్తుందని, ఆమెను అందరి ముందు అనకుండా తనే చాటుగా కొంచెం తగ్గించి గుర్తు పెట్టాడు. నేను గుర్తును ఎంత ఉందో అంతే కోశాను. మా పాలిష్ అతను లోపల కూర్చుని, మోకాలు చెవికి తగులుతున్నా, అంత మంచి పాలిష్ మళ్లీ గీకాల్సి వస్తుందని, "మస్తుగుంది," అని బయటికి వచ్చాడు. ఎవరూ అబద్ధమాడలేదు. అందరూ ఒకరినొకరు గౌరవించుకున్నారంతే.

పెట్టె చూడముచ్చటగా వచ్చింది. దంపతులు ఆటోలో వచ్చారు. ఆమె చెప్పులు విడిచి, పెట్టెకు దండం పెట్టి లోపల కాలు పెట్టింది. కూర్చుంది. భుజాలు దగ్గరికి తీసుకుంది. తల దించింది. ఉస్తాద్ మూత వేయబోతే అది ఆమె వీపు మీద ఆగింది. ఆమె ఇంకా కుదించుకుంది. మూత ఇంకా ఆగింది. ఉస్తాద్ పైకప్పు రేకులు ఎప్పుడూ చూడనట్టు చూడసాగాడు.

మెజీషియన్ చాలా మెల్లగా, "పోనీ తీయి. ఆ పిల్లకు ఫోన్ జేస్త," అన్నాడు.

ఆమె దిగలేదు. పెట్టెలో అలాగే కూర్చుంది.

"దిగవా?"

"దిగ."

"ఎంతసేపు కూసుంటవు?"

"నువ్వు ఆ ఫోన్ జేబుల వెట్టెదాక."

పరదా కదిలింది. ఉస్తాద్ భార్య తల మీద కొంగు సర్దుకుని బయటికే వచ్చేసింది. అందరం ఉన్నప్పుడు ఆమె అలా రావడం నేనెప్పుడూ చూడలేదు. "గల్తీ నాది. ముడి నేనే జరిపిన," అన్నది. పెట్టెలో కూర్చున్నామె తలెత్తి చూసి, "నేను ఊపిరి బట్టిన ఆపా. నువ్వు గూడ జరిపినవా?" అన్నది. ఉస్తాద్ గొంతు సవరించుకుని తను కూడా తగ్గించానని ఒప్పుకున్నాడు. పాలిష్ అతను మోకాలు రుద్దుకుంటూ, "నా చెవి గూడ ఒకసారి చూడుండ్రి," అన్నాడు. ఆ ఇద్దరు ఆడవాళ్లూ ముఖముఖాలు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. పెట్టె కదిలిపోయేంతగా నవ్వారు. మెజీషియన్ ఒక్కడే నవ్వలేదు.

నవ్వు ఆగాక ఆమె కళ్లు తుడుచుకుంటూ అన్న మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది. "పెండ్లైన కాడ్నించి నన్ను మడత వెడుతనే ఉన్నడు భాయ్. ఇగ నాకు మడత వడుడు చాతగాదు, అది నిజమే. గని స్టేజీ మాత్రం దిగ. అది నా జాగ."

జాగా పోవడం అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నేను అనుకోకుండా నోరు తెరిచాను.

"ఆమె ఎందుకు వంగాలి? పెట్టెను నిలబెడదాం. నిలువెత్తు బీరువాలాగా."

మెజీషియన్ నా వైపు జాలిగా చూశాడు. "సార్, వంగిన మనిషి మాయమైతెనే జనం నమ్ముతరు. నిలవడ్డ మనిషిని ఏడ దాస్తం?"

"వెనకటి కాలంలో మా దేవిడీలో వంగి వంగి పోయేవాణ్ని కాపలావాళ్లు వెంటనే పట్టుకునేవారు. నిటారుగా నడిచేవాడికి సలాం కొట్టి పంపేవారు. మామిడికాయల దొంగ ఒకడు అలాగే మా తాతగారికి కూడా నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు," అన్నాను.

ఉస్తాద్ గడ్డం గోక్కున్నాడు. "ఖయాల్ మంచిగనే ఉంది. గని గంత పొడుగు, గంత మందం చెక్క ఏడున్నది?"

అడుగుతూనే మూలకు చూశాడు. పాలిష్ అతనూ చూశాడు. తర్వాత ఇద్దరూ మర్యాదగా చూపు తిప్పుకున్నారు. ఆ తలుపుల జత సంగతి ఎత్తకూడదని అక్కడ అందరికీ తెలుసు. ఎందరో అడిగారు. హోటళ్లవాళ్లు కూడా వచ్చారు. నేను ఎవరికీ ఇవ్వలేదు.

నేనే వెళ్లి వాటి మీది గోనెపట్టా తీశాను. "కోయండి," అన్నాను.

"మల్ల ఆలోచించుండ్రి, జాగీర్దార్ సాబ్."

"ఇన్నాళ్లూ గోడను మోయడం తప్ప వాటికి పనేముంది? కోయండి. ఈసారి దారం మాత్రం ఎవరూ ముట్టుకోకండి."

మొదటి రంపపు గాటు నేనే పెట్టాను. లోపల చెక్క నిన్ననే నరికినట్టు పచ్చగా వాసన కొట్టింది. నాకు దుఃఖం వస్తుందేమో అనుకున్నాను. పొట్టు ముక్కులోకి పోయి తుమ్ములొచ్చాయి. ఈసారి కొలత ఊపిరి వదిలి, మామూలుగా నిలబడి ఇచ్చిందామె. ముడులు ఎక్కడ పడ్డాయో అక్కడే ఉన్నాయి. బీరువా ఎలా చేశామన్నది మొదటే చెప్పాను, చెప్పను. పాత టేకు తలుపుల మందంలో చాలా జాగా ఉంటుందని మాత్రం అంటాను.

కింద నుంచి ఖాళీ కనబడేలా పొట్టి కాళ్లు పెట్టాం. తలుపుకు గడియ పెట్టలేదు. గడియ పడితే టక్కుమంటుంది, ముందు వరసలో పిల్లలకు వినబడుతుంది. షెడ్డు నేల మీద తలుపు వేస్తే వేసిన చోటే ఉండేది. ఆమె లోపల నిలబడింది, తలుపు మూశాం, తీశాం, లేదు. మూశాం, తీశాం, ఉంది. ఉస్తాద్ మాషా అల్లా అన్నాడు. మెజీషియన్ మాటలు కూడా కలిపి ఒకసారి సాధన చేద్దామని నేనంటే ఆయన చిన్నబుచ్చుకున్నాడు. "నా మాటలు నాకు నిద్రల గూడ వస్తయి సార్," అన్నాడు. సాధన మాట వదిలేశాను. ఒకరి విద్యను ఇంకొకరు శంకించకూడదు.

ఆ స్కూలు వార్షికోత్సవం రోజు బీరువాను మోసుకుని మేమే వెళ్లాం. అంత బరువు వేరేవాళ్లకు అప్పగించలేం. చెక్కబల్లలు జోడించి వేసిన స్టేజీ. ఎదురుగా పిల్లలు, వాళ్ల వెనక అమ్మానాన్నలు ఫోన్లు పైకెత్తి పట్టుకుని ఉన్నారు. ఆడవాళ్ల వైపు ముందు వరసలో ఉస్తాద్ భార్య కూర్చుంది. ఆమెకు కొద్ది దూరంలో డాన్స్ పిల్ల. మెజీషియనే పిలిచాడు, ఆట చూసి నేర్చుకోమని. అంటే బీరువా మాట ఎలా ఉన్నా, ఆయన మనసులో ఇంకా సందేహం ఉందన్నమాట. ఆ అమ్మాయిని స్టేజీ మీద నుంచి ఆయన భార్య కూడా చూసింది.

ఎర్రటి పట్టుచీరలో ఆమె బీరువాలో నిలబడింది. ఆయన తలుపు మూసి, పిల్లల వైపు తిరిగి కథ ఎత్తుకున్నాడు. హిమాలయాల్లో మంచులో ఒక ఫకీరు కూర్చుని ఉన్నాడు, ఆయన దగ్గర ఈ విద్య నేర్చుకున్నాను అని. ఆ కథ నేను చాలాసార్లు విన్నాను. అందులో మంచు కురుస్తుంది, పులి వస్తుంది, ఫకీరు చాలాసేపు కళ్లు మూసుకుంటాడు. అంత పొడుగు ఎందుకో ఆ రోజే నాకు అర్థమైంది. పాత పెట్టెలో ఆమె మడత పడి సర్దుకోవడానికి అంత సమయం పట్టేది. ఆమె మడతలకు తగ్గట్టు ఆయన కథ పొడుగైంది. ఇప్పుడు ఆమెకు మడతలు లేవు.

పులి ఇంకా రాలేదు, తలుపు దానంతటదే మెల్లగా తెరుచుకుంది. ఆ బల్లల స్టేజీ ముందుకు వాలి ఉంది. మేం చూసుకోలేదు. ఉస్తాద్ నా చెయ్యి పట్టుకున్నాడు. ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే తర్వాత కందిపోయింది.

బీరువా ఖాళీగా ఉంది.

పిల్లలు ఒక్కసారి అరిచారు. మెజీషియన్ తన కథకే అనుకుని చెయ్యెత్తి వాళ్లను శాంతపరిచాడు. పిల్లలు వేలు చూపిస్తుంటే తిరిగి చూసి, తత్తరపడి తలుపు మూశాడు. "అప్పుడు ఆ ఫకీరు..." అన్నాడు. తలుపు మళ్లీ తెరుచుకుంది. ఖాళీ. మళ్లీ మూశాడు. "ఆ ఫకీరు ఏం జేసిండంటే..." తలుపు మళ్లీ తెరుచుకుంది. ఆయన మాట ఆగిపోయింది. అన్నేళ్లలో ఎప్పుడూ కథ మధ్యలో ఆగాల్సిన అవసరం ఆయనకు రాలేదు. హాలంతా ఆయన వైపే చూస్తోంది. ఆయన నుదుటి మీద చెమట వెనక వరస నుంచి నాకు కనబడుతోంది. డాన్స్ పిల్ల కుర్చీ అంచు మీదికి వచ్చింది.

ఖాళీ బీరువా నుంచి మాట వినబడింది.

"ఆ ఫకీరు ముచ్చట ఇంకెంతసేపు చెప్తవయ్యా? నేను తయారై మస్తు సేపాయె."

హాలు గొల్లుమంది. మెజీషియన్ స్టేజీ మీద ఉన్న సంగతి మరిచిపోయి, ఇంట్లో అడిగినట్టే, "ఏడున్నవే?" అన్నాడు.

"ఇంట్ల ఉన్న. బియ్యం తెచ్చినవా?"

పిల్లలు కుర్చీల మీద ఎగురుతున్నారు. ఆయన తెల్లబోయి బీరువాలో తొంగి చూశాడు. లోపల ఏముందో ఆయనకు తెలుసు, అయినా తొంగి చూశాడు. "తెస్త," అన్నాడు.

"పొద్దుగాల గూడ గదే అంటివి."

ఆ తర్వాత ఆయనకు ధైర్యం వచ్చింది. మనిషి మాటకారి కదా. ఆయన అడగడం, ఖాళీ బీరువా జవాబు చెప్పడం. కరెంటు బిల్లు సంగతి వచ్చింది, అత్తగారి సంగతి వచ్చింది. ఫకీరును అందరూ మరిచిపోయారు. ఉస్తాద్ భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఉస్తాద్ నా చెయ్యి వదిలాడు గానీ ఇప్పుడు నా భుజం మీద చరుస్తున్నాడు. చివరికి మెజీషియన్ తలుపును చేత్తో పట్టుకుని మూసి, "తప్పయింది, రావే తల్లీ," అని తెరిచాడు. ఆమె తలెత్తుకుని నిలబడి ఉంది. ఆయన చెయ్యి అందించాడు. ఆమె పట్టుకోకుండానే దిగి, కొంగు సర్దుకుని, పిల్లలకు దండం పెట్టింది. ఎదురుగా ఉన్న ఫోన్లన్నీ ఆమె వైపే తిరిగాయి. అన్నేళ్ల ఆటలో చప్పట్లు నేరుగా ఆమెకు రావడం నేను అదే చూశాను.

ఆట అయ్యాక డాన్స్ పిల్ల స్టేజీ వెనక్కి వచ్చింది. మెజీషియన్ ఏదో చెప్పబోయేలోపే, "సార్, ఈ పని నాతోని కాదు. నిలవడుమంటే నిలవడ్త గని, గట్ల మాట్లాడుడు నాకెట్ల వస్తది?" అన్నది. ఆయన భార్య ఆ అమ్మాయి చెంప నిమిరి, తన వాటా లడ్డూల పొట్లం ఆమె చేతిలో పెట్టింది.

ఆ రాత్రికే ఎవరో తీసిన వీడియో అందరి ఫోన్లలో తిరిగింది. దాని కింద మా పెట్టె గురించి ఎవరూ ఒక్క మాట రాయలేదు. రాయకూడదు. పెట్టె గురించి మాట్లాడుకుంటున్నారంటే పని చెడినట్టు. ఆ తలుపులను చూసి గుర్రం దిగే కాలం పోయింది. ఇప్పుడు వాటిని చూసి పిల్లలు కుర్చీలెక్కుతున్నారు. నాకు తేడా ఏమీ కనబడలేదు.

కొద్ది రోజులకు దంపతులిద్దరూ కార్ఖానాకు వచ్చారు. ఆమె మిఠాయి డబ్బా పట్టుకుని నేరుగా పరదా వెనక్కి వెళ్లింది. ఆయన ఉస్తాద్ పక్కన స్టూలు మీద కూర్చుని, కాసేపు అటూ ఇటూ చూసి, విషయానికి వచ్చాడు.

"బుకింగ్‌లు మంచిగనే వస్తున్నయి భాయ్. అందరు మాట్లాడే బీరువానే అడుగుతున్నరు. గని ఒక్క చిన్న పని. తలుపుకు బందులు జర బిగించుండ్రి. లేకపోతే ఒక గడియ వెట్టుండ్రి. నా కథ చెప్పుకోనీకి టైమే దొరుకుతలేదు. ఫకీరు దాక గూడ పోతలేను."

ఉస్తాద్ స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకున్నాడు. నా వైపు చూశాడు. ఆయన పరదా వైపు తిరిగి గొంతు పెంచాడు. "మేడమ్, బీరువా కొలత మీది. సార్ ఏందో అడుగుతున్నడు, విన్నరా?"

పరదా వెనక చాయ్ కప్పులు పెట్టిన చప్పుడైంది.

"విన్న భాయ్," అన్నది ఆమె. "నక్కో. తలుపు గట్లనే ఉండనియ్యి."

ఉస్తాద్ స్క్రూడ్రైవర్‌ను తిరిగి డబ్బాలో వేసి, ఆయనకు ఇంకో చాయ్ చెప్పాడు.